గొల్టి షాపు స్టాపు

ఏకాంబరం ఆఖరుగా చేసిన పని, ఒక పాలాయన సైకిలు వెనక చక్రానికి గాలి కొట్టడం. టైరును బొటనవేలితో నొక్కి చూసి, "చాలప్పా, ఇంకా కొడితే పగిలిపోతాది" అన్నాడు. పంపును గోడకు ఆనించి బెంచీ మీద కూర్చున్నాడు. చెల్లెలు జ్ఞానాంబ అన్నం క్యారియరుతో వచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉంది.

మద్రాసులో మోటారు సామాన్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. డెబ్బై మూడులో ఒక ట్రంకుపెట్టెతో చిత్తూరుకు వచ్చేశాడు. ఎందుకు వచ్చావని టీకొట్టు దగ్గర అందరూ చుట్టుముడితే, నవ్వులాటగా తేల్చేయబోయాడు.

"ఆడ మనల్ని గొల్టి అంటారబ్బా. తెలుగు అనే మాటను తిరగేసి పెట్టినారంట. మనం వాళ్లను అరవోళ్లు అనడం లేదా? సరికి సరి!"

జ్ఞానాంబ మొగుడు రాజారత్నం పడీ పడీ నవ్వాడు. "అయితే రా గొల్టి బావా, టీ తాగు!"

ఆ మాట ఇక వదల్లేదు. మద్రాసులో తిట్టు, చిత్తూరులో ఎగతాళి అయింది. అర్థం తెలియని పిల్లలు 'గొల్టి మామా' అని ముద్దుగానే పిలిచేవాళ్లు. సైకిలు షాపు పెట్టాక, వీధిలో ఎవరు నట్టు వంకరగా బిగించినా అది 'గొల్టి పని'. చివరికి టౌను బస్సు కండక్టరు కూడా "గొల్టి షాపు! దిగండప్పా" అని కేకేసేవాడు.

ఏకాంబరం ఒకసారి ఎర్ర రంగుతో బోర్డు రాయించాడు, 'ఏకాంబరం సైకిల్ షాపు' అని. ఆ కొత్తలో బస్సు ఆగినప్పుడల్లా చేతిలో పని ఆపి వినేవాడు. కండక్టరుది పాత కేకే.

"పేరుతో పిలవండని చెప్పకూడదా అన్నా?" అంది జ్ఞానాంబ.

"చెబితే ఇంకా గట్టిగా పిలుస్తారు మే."

పెళ్లి చేసుకోలేదు. షాపులోనే పడక. పండగకు ఇంటికి రమ్మంటే, "సూస్తాంలే" అని చక్రం తిప్పుకుంటూ కూర్చునేవాడు. జ్ఞానాంబ క్యారియరే షాపుకు వచ్చేది.

దహనమైపోయిన సాయంత్రం, తంతి అందుకుని బయల్దేరిన ఫ్యాక్టరీ స్నేహితుడు దామోదరం దుమ్ము కొట్టుకుని జ్ఞానాంబ ఇంటికి వచ్చాడు.

"పొద్దున్నే దిగినానమ్మా. ఏకాంబరం షాపు యాడ అంటే ఎవురూ తెలీదన్నారు. ఊరంతా తిరిగినాను."

"గొల్టి షాపని అడగాల్సింది కదప్పా, పసిబిడ్డ గూడా సూపిస్తాడు" అన్నాడు రాజారత్నం.

దామోదరం అతని మొహం వంక అలాగే చూశాడు. తర్వాత జ్ఞానాంబ వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు తనను గొల్టి అన్నందుకే ఏకాంబరం అతని చొక్కా పట్టుకున్నాడట. తప్పయిందని ఒక్క మాట అంటే పని ఉంటుందన్నారట. అనలేదు. ఆ మాట చెవిన పడని ఊరికి పోతానని చెప్పి, ఆ పొద్దే చిత్తూరు బస్సెక్కాడట.