బొట్టు పెట్టిన పెన్‌డ్రైవ్

సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్ఖానా ఆఫీసులో చేరిన మొదటి ఏడాది. చీరల డిజైన్ల డేటాబేస్‌ను రోజూ పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయడం నా పని. కోరుట్ల నుంచి వచ్చిన లావణ్య, ఆర్డర్ల బ్యాకప్‌ను ప్రతి శనివారం పాత కంప్యూటర్‌లో తెరిచి సరిచూసేది. యజమాని ఆమెనే మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండేది.

"తీసినదాన్ని మళ్ల చూసుడేంది, షోకు కాకపోతే" అనేదాన్ని.

దసరాకు మగ్గాలతో పాటు నా పెన్‌డ్రైవ్‌కూ బొట్టు పెట్టాను. మర్నాడే నా కంప్యూటర్ చెడిపోయింది. అందరి ముందూ పెన్‌డ్రైవ్ తెరిస్తే ఒక్క డిజైనూ లేదు. ఇన్నాళ్లూ నేను కాపీ చేసింది డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ను మాత్రమే, అసలు ఫైళ్లను కాదు.

"ఫికర్ చెయ్యకక్కా. నీ డిజైన్లు గూడ తీసి పెట్టిన, మొన్ననే తెరిచి చూసిన" అంది లావణ్య.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు శనివారం ఆమెకంటే ముందే నా బ్యాకప్ తెరిచి చూస్తున్నాను. నన్ను కాపాడింది ఆమేనన్న కడుపుమంట మాత్రం ఇంకా చల్లారలేదు.