విశాఖకు బయలుదేరిన సంచి

మా అమ్మాయి పోయి నేటికి పదహారు రోజులు. నాలుగు రోజుల జ్వరం, అంతే. బుచ్చిరెడ్డిపాలెంలో తన చేత జాకెట్లు కుట్టించుకున్న వాళ్లలో కొందరికి ఇంకా ఆ కబురు తెలియదు. నిన్న ఒకామె ఫోన్ చేసి, "నా జాకెట్ అయిందా?" అని అడిగింది. "కాలేదమ్మా" అన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి వరకే. తప్పులుంటే మన్నించండి.

వాళ్ల నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. ముందు గదిలో తన కుట్టుమిషను, వెనక గదిలో నా వంట. తనకి విమానాల పిచ్చి. బడిలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. పైన శబ్దం వినబడితే చాలు, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, అట్లాగే వీధిలోకి పరుగు. ఒకసారి మిల్లు వాళ్లావిడ కొలతలకని చేతులు చాపి నిలబడి ఉంది.

"ఏమ్మే, నన్నిట్టా నిలబెట్టి యాడికి పోతుండావు?"

"అక్కా, నీ జబ్బ యాడికీ పోదులే. అది పోతాది!"

కోపం తెచ్చుకోబోయి ఆవిడా నవ్వేసింది. రెండు చేతులూ అట్లాగే చాపుకొని తనూ వెనకాలే వెళ్లి చూసింది.

నాకు కూడా చూపించాలని తన తాపత్రయం. శబ్దం ఎక్కణ్నుంచి వస్తే నేను అక్కడే చూసేదాన్ని. అక్కడ ఏమీ ఉండేది కాదు. నా గడ్డం పట్టుకొని తిప్పేది. "శబ్దం కాడ వెతకబాకమ్మా. అది ఎప్పుడో దాటి పోయుంటాది. దానికి ముందర వెతుకు." ఎన్నిసార్లు చెప్పినా నాకు రాలేదు.

ఈ ఏడు విశాఖపట్నం పోదామంది. డిసెంబరులో అక్కడ సముద్రం మీద నౌకాదళం విమానాలు విన్యాసాలు చేస్తాయట. అదే ఒడ్డున ఒక జలాంతర్గామినీ, దానికి ఎదురుగా ఒక పెద్ద యుద్ధ విమానాన్నీ మ్యూజియాలుగా పెట్టారట. ఏది ముందు చూడాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ కూర్చోవాలి అని రెండు నెలల నుంచీ అదే మాట. మంగళవారం రైలుకు టికెట్లు కూడా తీసేసింది.

"మంగళవారం ఉత్తరానికి శూల. పోగూడదు" అన్నాను.

"రైలుకి శూలేందమ్మా? దానికి ఉండేది పట్టాలే."

నేను పట్టు వదల్లేదు. మా పెద్దవాళ్లు చెప్పిన దారి ఒకటుంది. పోయే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియలో సంచి సర్ది వేరే వాళ్లింట్లో ఉంచుతారు. పరస్థానం పెట్టడం అంటారు. సంచి గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే, మనిషి తర్వాత ఏ రోజు పోయినా దోషం లేదు. ఎవరైనా ఒకటి రెండు రోజుల ముందు పెడతారు. పంచాంగంలో ఆ దగ్గర్లో నాకు నచ్చిన రోజు కనబడక, ఆత్రంతో నేను నెల ముందే పెట్టించాను.

"నెల ముందా! ఆ రైలింకా పుట్టనే లేదు" అని నవ్వుతూనే జాకెట్ ముక్కలు అతికి సంచి కుట్టింది. నా మోకాళ్ల మందుకు ప్రత్యేకంగా ఒక జేబు, దానికి బొత్తాం.

ఎదురింటి సాయిబు గారి భార్యను నేను అక్కా అంటాను. సంచి తీసుకుపోతే, "నా ఇంట్లో పెడితే మీ దేవుడు ఒప్పుకుంటాడా చెల్లే?" అంది.

"ఇల్లు వేరేదైతే చాలక్కా."

"అయితే పెట్టు. సంచితో పాటు ఆ పిల్లని కూడా వదిలిపెట్టి పో. దిండు గలేబులు కుట్టిచ్చుకోవాల."

ఆ తర్వాత పది రోజులకే జ్వరం మొదలైంది.

కర్మ అయిన మర్నాడు అక్క వచ్చి గడపలో నిలబడింది. "చెల్లే, ఆ సంచి..." అంది. పరస్థానం పెట్టిన సంచి ప్రయాణం చేయకుండా ఇంటికి రాకూడదు. "ఉండనీ అక్కా" అన్నాను. తీసుకుపోయే ధైర్యం కూడా నాకు లేదు. రైలెక్కి ఒక్కదాన్నే ఎక్కడికీ పోయి ఎరగను.

కుట్టని గుడ్డలు ఎవరివి వాళ్లకిద్దామని తన కొలతల పుస్తకం తెరిచాను. జాకెట్ల కొలతలన్నీ అయ్యాక చివరి పేజీలో విశాఖ ఉంది. కూడబలుక్కుంటూ చదివాను. "జలాంతర్గామి పొద్దున్నే. లోపల ఇరుకు, అమ్మ తల వంచాలి, రెండుసార్లు చెప్పాలి. ఎదర విమానం. రోడ్డు దాటేటప్పుడు అమ్మ చెయ్యి. మూడింటికల్లా ఇసుకలో చోటు, ఎండ వీపు వైపు, అమ్మకు కండ్లు మండవు. అమ్మ చెవుల్లోకి దూది." తన కోసం ఒక్కటే రాసుకుంది, "ఫోన్ చార్జింగ్" అని. ఆ పేజీ నిండా విమానాలకంటే నేనే ఎక్కువ ఉన్నాను.

వచ్చే మంగళవారమే రైలు. పోతానన్నాను. కర్మకొచ్చి ఉన్న మా ఆడబిడ్డ నోరు నొక్కుకుంది. "బిడ్డ పోయి నెల తిరగలేదు, సరదాలేంది వొదినా? జనం ఏమనుకుంటారు?"

"సరదాకి కాదు. బిడ్డ సర్దిన సంచి. దిగబెట్టి రావాల."

అక్క అంతా వింటూ నిలబడి, "నేనూ వస్తా" అంది. "ఆ సంచి నెల్రోజులు నా ఇంట్లో ఉండింది. దాంతో పాటు నేనూ బయల్దేరినట్టే గదా." సాయంత్రానికి వాళ్లాయన చేత టికెట్ తీయించేసింది.

ఈ పొద్దున వాకిట్లో నీళ్లు చల్లుతుంటే పైన శబ్దం వచ్చింది. చెంబు కింద పెట్టాను. ఎదురింటి గడపలో అక్క, సంచి వాటం చూసుకుంటోందేమో, భుజాన తగిలించుకొని బయటికొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకొని, శబ్దం వచ్చిన చోటే చూస్తోంది.

"యాడ చెల్లే? ఏం కనపడలేదే!"

నేను వీధి దాటి వెళ్లి ఆమె గడ్డం పట్టుకున్నాను.

"ఆడ కాదక్కా. ఇంకా ముందర చూడు."