అక్కతో ఫిడేళ్ల ఊరిలో

ఇటలీలోని క్రెమోనాలో మా గైడమ్మ జెండా కర్ర ఎత్తుకుని పెద్ద గంటగోపురం వైపు పరుగులాంటి నడక నడుస్తుంటే, మా బృందమంతా మెడలు పైకెత్తి ఆవిడ వెంట పడి పోతుంటే, నేను మాత్రం అక్క చెయ్యి పట్టుకుని ఒక ఇరుకు సందు మొదట్లో ఆగిపోయాను. సందులోంచి కొయ్యపొట్టు, వార్నిష్ కలిసిన వాసన వస్తోంది. ఫిడేళ్లు చేసే కొట్టు. గోపురం ఎక్కడికీ పోదులే అనుకున్నాను.

విజయనగరంలో మా ఇల్లంతా ఇదే వాసన, దానికి తోడు కొబ్బరినూనె. నాన్న వసారాలో ఊళ్లో పిల్లలకు ఫిడేలు పాఠాలు చెప్పి చెప్పి అలిసిపోయేవారు. ఇక ఇంట్లో పిల్లకి ఓపికెక్కడిది? వెనక గదిలో చాప వేసి, నా ఎడమచేతి వేళ్లకు నూనె రాసి, ఫిడేలు తలను చీలమండ మీద ఆనించి నేర్పింది అక్కే. కమాను వంకర పోతే మోచేతి మీద ఒక్కటి అంటించేది.

“ఒసే, తీగని కొయ్యకే. పాడించు” అనేది.

ఇటలీలో ఫిడేళ్లు పుట్టే ఊరొకటి ఉందని నాన్న ఎప్పుడన్నారో గానీ, అక్కకు అదే పిచ్చి పట్టుకుంది. వానలు వెనకబట్టి సిరిమాను పండగ దగ్గర పడే రోజుల్లో, తడిమట్టి వాసనా ఉడికిన వేరుశనక్కాయల ఆవిరీ కలిసిపోయిన సాయంత్రాల్లో, గంటస్తంభం నుంచి కోట దాకా నన్ను నడిపించుకుపోయేది.

“ఇదే ఆ ఊరనుకో. ఈ కొట్లన్నీ ఫిడేళ్లవే. నీకేటి కావాలో సెప్పు.”

నేను తిన్నగా బెల్లం జీళ్ల కొట్టు చూపించేదాన్ని. పగలబడి నవ్వేది.

కొన్నేళ్ల కిందట అక్కకు మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు పేర్లు పోయాయి, తర్వాత మనుషులు. నన్నెవరో మంచావిడ అనుకుంటోంది. ఇంట్లో ఫిడేలు చేతికిస్తే పక్కన పెట్టేసింది. కలలుగన్న ఊళ్లోనైనా నన్ను గుర్తుపడుతుందేమోనని, అందరూ వద్దంటున్నా మొండికేసి తీసుకొచ్చాను. ఇంకే ఆశా లేదు నాకు.

కొట్టు యజమానిని సైగలతో అడిగి ఒక ఫిడేలు తీసుకున్నాను. నేను నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుంటే ఆయన కళ్లు పెద్దవి చేశాడు. అక్క నాకు మొట్టమొదట నేర్పిన గీతం వాయించాను. స్టూలు మీద కూర్చున్న అక్క చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది, ఒక్క దెబ్బ తప్పకుండా. గీతం అయిపోయేసరికి లేచి నా దగ్గరకొచ్చింది. కళ్లనిండా నీళ్లు.

“ఎంత బాగా వాయిస్తన్నారండీ. మీకెవులు నేర్పినారు?”

“మా అక్క.”

“అదృష్టవంతులు. ఆవిడున్నారా?”

నాన్న పోయారు. ఆ వసారా పడగొట్టి సెల్‌ఫోన్ల దుకాణం కట్టారు. ఆ వెనక గదిని ఎరిగినవాళ్లం ఇద్దరమే మిగిలాం అనుకున్నాను ఇన్నాళ్లూ.

“ఉన్నాదండీ” అన్నాను.

“అయితే బాగా సూసుకోండి” అంది అక్క.

“అలాగేనండీ” అన్నాను.