మూత తీసే మర్యాద

మా వీధిలో మొదట పాస్‌పోర్టు తీసుకున్నది నేను. చదివింది మా నగరం ఊరి బళ్లో అయిదో తరగతి వరకే. అయినా మస్కట్‌లో పద్దెనిమిదేళ్లు చేసి ఫోర్‌మన్‌నయ్యాను. నా మాట మీద ముప్పై నలుగురు వీసాలు తీసుకుని గల్ఫుకెళ్లారు. ప్రార్థన మందిరానికి స్లాబు వేయించిందీ నేనే. అందుకే ఊళ్లో నాకో మర్యాద ఏర్పడింది. గల్ఫు నుంచి సెలవుకి ఎవరొచ్చినా విస్కీ సీసా తెచ్చి, మూత నా చేత తీయించి, మొదటి గుక్క నా చేత తాగిస్తారు.

ఆ మర్యాదే నా పేగుల్ని తినేసింది. ముద్ద దిగితే మంట, తిన్నది నిలవదు. అమలాపురం డాక్టరు గారు తేల్చి చెప్పారు.

"పూర్తిగా మానితే పొట్ట మెల్లగా తేరుకుంటుంది దానం గారూ. ఒక్క గుక్క కూడా వద్దు."

మాత్రలు, మెత్తటి అన్నం, మజ్జిగ, కారం లేని బీరకాయ.

ఇక్కడే తప్పు చేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫోర్‌మన్ పేగులు చెడ్డాయట అనిపించుకోలేక వెనక గదిలో దాక్కున్నాను. ఎవరొచ్చినా నా భార్య సుగుణ "రాజోలెళ్లేరండి" అనేది. డెబ్బై ఏళ్ల మనిషిని, నలభై ఒక్క రోజులు సొంతింట్లో కిటికీ మూసుకుని కూర్చున్నాను.

నలభై రెండో రోజు పొద్దున మజ్జిగన్నం తింటుంటే శ్యామ్ బాబు పెరటి దారిన వచ్చేశాడు. దోహాకి నేను పంపినవాడే. చేతిలో సీసా, వెనక నలుగురు.

"ఏంటండీ బాబాయ్ గారూ! పిన్నిగారేమో మిమ్మల్ని రాజోలు పంపేసేరు. మీరేమో చంటిపిల్లాడిలా మజ్జిగన్నం తింటన్నారు!"

అందరూ నవ్వారు.

"మూత తియ్యండి. మీరు ముట్టకుండా మేం ముడతామేంటండీ?"

నా చెయ్యి దానంతటదే మూత దాకా వెళ్లింది. నోట్లో నీళ్లూరాయి. గుమ్మంలో సుగుణ నన్ను చూడడం లేదు, నా కంచాన్ని చూస్తోంది. ఆ అన్నం కడుపులో నిలవడం మొదలై వారమే అయింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నా పేగులు పాడయ్యాయిరా శ్యామూ. తాగుడు వల్లే. మానేశాను."

శ్యామ్ సీసా నాకేసి ఇంకాస్త జరిపాడు.

"ఒక్క గుక్కకేమౌద్దండీ?"

"ఒక్కటీ వద్దన్నారు."

"ఆయ్, సరేనండి." సీసా చంకలో పెట్టుకున్నాడు. "అయితే కృపారావు గారి చేత తీయిస్తామండి. ఏమనుకోకండే."

కృపారావు! మస్కట్‌లో నా కింద హెల్పరు!

అయిదు నెలలైంది. సెలవుకొచ్చినవాళ్లు మా గుమ్మం దాటి కృపారావు ఇంటికే పోతున్నారు. సీసా కనబడకుండా సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటారు. మంట పోయింది. మొన్న చేపల పులుసు కూడా అరిగింది. పిలిచేవాళ్లు మాత్రం లేరు. కంచం ఇప్పుడు ముందు వరండాలోనే పెట్టమంటున్నాను.