దుమ్ము దులిపే పిన్ని

ఆ ఊళ్ళో ఇవాళ ఒక్క దెయ్యం కూడా మిగల్లేదంటే అది పిన్ని చలవే. పాడుబడ్డ కొంప కనిపిస్తే చాలు, మెడలో కెమెరా, చేతిలో చీపురుతో లోపలికి దూరిపోయేది. ఫోటో తీసే ముందు గదంతా శుభ్రంగా ఊడ్చేది. ఊడుస్తూ ఊరుకోకుండా తిట్టేది. ఆ తిట్లు పడలేక దెయ్యాలన్నీ మూటాముల్లే సర్దుకుని పక్క ఊరికి బదిలీ చేయించుకున్నాయి. పాత పోస్టాఫీసులో ఉండే ముసలి దెయ్యం ఒక్కటీ, మోకాళ్ళ నొప్పులు, కదల్లేనని మొండికేసిందట. "అయితే ఆ మూలలోంచి జరుగు, అక్కడ ఊడవాలి" అందట పిన్ని. సాయంత్రానికల్లా అదీ పోయింది.

ఇది పిన్ని అక్కకొడుకు చెప్పే మాట. ఫోటో స్టూడియో నడుపుతాడు. వాడు చెప్పినదాంట్లో సగం తీసెయ్యాలి, మిగిలిన సగాన్ని మళ్ళీ జల్లెడ పట్టాలి. కానీ స్టూలు మోసుకుంటూ పిన్ని వెనక పాడిళ్ళన్నీ తిరిగినవాడు లోకంలో వాడొక్కడే కాబట్టి వాడి మాటే సాక్ష్యం.

పిన్నిది కర్టెన్లు, దుప్పట్లు, దిండు గలీబులు కుట్టే దుకాణం. వెనకే ఇల్లు. మనిషి ఒక్కత్తే. సెలవు రోజున మాత్రం మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరేది. ఎంత పాడుబడ్డ ఇల్లయినా సరే, ముందు తలుపు తట్టేది.

"ఎవరమ్మా లోపల?"

"పిన్నీ, పైకప్పే లేదు. లోపల ఎవరుంటారు?"

"పైకప్పు లేకపోతే మర్యాద కూడా ఉండక్కర్లేదట్రా?"

కాసేపు ఆగి, ఎవరూ పలకలేదని రూఢి చేసుకున్నాకే గడప దాటేది. దాటగానే మొదలు. "ఏమ్మా, ఇదేనా ఇల్లుంచుకునే తీరు? ఆ కిటికీ చూడు, బూజు పట్టి ఎలా ఏడుస్తోందో!" అక్కకొడుకు ముక్కుకి రుమాలు కట్టుకునేవాడు. చివరికి ఫోటో వచ్చేసరికి అందులో విరిగిన కుర్చీ కూడా బుద్ధిగా గోడకి ఆనుకుని కూర్చుని ఉండేది.

ఊళ్ళో ఫోటోగ్రాఫర్ల సంఘం ఒకటుంది. దానికి ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు. పాడుబడ్డ భవనాల ఫోటోల్లో ఆయన్ని మించినవాడు లేడు. సంచీలో ఎప్పుడూ ఓ డబ్బా నిండా దుమ్ము ఉండేది. చాల్లేదనిపించిన చోట చల్లేవాడు. బూజు లేకపోతే దూది పీకి అంటించేవాడు. పళ్ళ మీద పాచి తీసి బతికే మనిషి ఇళ్ళకి మాత్రం పాచి పూసేవాడన్నమాట. ఏటేటా పోటీలో మొదటి బహుమతి ఆయనకే. పిన్ని ఫోటోలు గుమ్మంలోంచే తిరిగొచ్చేవి.

"ఇదేం ఫోటో అండీ? 'అద్దెకివ్వబడును' అని కింద రాస్తే రేపు పొద్దున్నే జనం సామాన్లతో దిగిపోతారు!"

"మీరు మాత్రం, మనిషిని తల దువ్వుకోనివ్వకుండా ఫోటో తీస్తారా డాక్టరు గారూ? ఎవరో ఒకావిడ రోజూ ఊడ్చుకున్న గది అది. మురిగ్గా నలుగురికీ చూపించి ఆవిడ పరువు తియ్యమంటారా?"

"ఆవిడ పోయి ఎన్నాళ్ళయిందో!"

"పోతే? పోయినవాళ్ళకి పరువుండదా?"

సంఘం వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ ఏడు వెటకారంగా ఓ చీపురు బహుమతి ఇచ్చారు. పిన్ని వేదికెక్కి పుచ్చుకుని, "మంచిపని చేశారు, నాది అరిగిపోయింది" అంది.

ఇలా ఉండగా మూతబడ్డ అద్దాల ఫ్యాక్టరీ మేనేజరు స్టూడియోకి వచ్చాడు. ఫ్యాక్టరీ వెనక పనివాళ్ళ క్వార్టర్లు కూలగొట్టాలి. అవి శిథిలమయ్యాయని ఇంజనీరు సంతకం పెట్టాలంటే ఫోటోలు కావాలి.

"లోపల మనుషులెవరన్నా ఉన్నారాండీ?" అన్నాడు అక్కకొడుకు.

"పురుగు కూడా లేదు."

"అయితే బెంగ పెట్టుకోకండి. శిథిలాలంటే మా పిన్ని తర్వాతే ఎవరైనా."

పిన్ని వరసనే తలుపులు తట్టుకుంటూ పోయింది. చిట్టచివరి గది తలుపు తట్టి, అలవాటు చొప్పున "ఎవరమ్మా లోపల?" అంది.

"నేనేనమ్మా. తలుపు తీసే ఉంది, రా" అని వినిపించింది.

అక్కకొడుకు స్టూలుతో సహా ప్రహరీ గోడ అవతల తేలాడు. ఎలా దూకాడో వాడికీ తెలియదు. పిన్ని మాత్రం చీపురు గుమ్మం పక్కన పెట్టి, కొంగు సర్దుకుని లోపలికెళ్ళింది. ఇన్నేళ్ళుగా తట్టిన తలుపుల్లో పలికిన తలుపు అదొక్కటే మరి.

లోపల ఉన్నది ఫ్యాక్టరీ ఆసుపత్రిలో చేసిన నర్సు. పనివాళ్ళ చేతుల్లో గుచ్చుకున్న గాజు పెంకులు తీయడంలోనే ఆవిడ వయసంతా గడిచింది. ఫ్యాక్టరీ మూసేశాక అందరూ తలో దిక్కూ పోయారు. వెళ్ళడానికి ఆవిడకి దిక్కంటూ లేదు. కరెంటు పీకేశారు, కుళాయి కట్టేశారు. అయినా స్టవ్వు తళతళలాడుతోంది, పక్క మీద దుప్పటి ముడత లేకుండా ఉంది.

అక్కకొడుకు దుమ్ము దులుపుకుంటూ లోపలికొచ్చాడు. "మేనేజరు గారు పురుగు కూడా లేదన్నారే!"

"ఆయన అరచెయ్యి చీరుకుపోతే నేనే కుట్టాను బాబూ. మర్చిపోయి ఉంటారు" అంది నర్సు.

"ఇవి కూల్చేస్తే ఎక్కడికెళ్తారమ్మా?" అంది పిన్ని.

"అది ఇంకా ఆలోచించలేదు. ఇంకా కూల్చలేదు కదా!"

పిన్ని చీపురు తీసింది. ఒక్క గది కాదు, వరసంతా ఊడ్చింది. తలుపులు తుడిచింది. సంచీలోంచి ఎవరికో కుట్టిన కర్టెన్లు తీసి కిటికీలకి కట్టింది. నర్సు చెత్త ఎత్తిపోసింది.

"పిన్నీ! వాళ్ళడిగింది శిథిలం! నువ్వు విడిదిల్లు తయారుచేస్తున్నావు!"

"నాకు చేతనైంది ఇదే. మురికిని ఫోటో తియ్యడం నాకు రాదు."

ఫోటోలు చూసి ఇంజనీరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇది శిథిలమైతే మరి మా ఇల్లేమిటండీ?" అని కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు స్టూడియోకొచ్చి అక్కకొడుకుని నానా తిట్లూ తిట్టి పోయాడు. పిన్ని ఒంటిచేత్తో కంపెనీని ఊడ్చి గుమ్మం బయట పోసిందని వాడు ఊరంతా టాంటాం వేశాడు.

కానీ లోకంలో చీపురు కన్నా దుమ్ముకే గిరాకీ. మేనేజరు పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఆయన డబ్బా తీశాడు, దూది తీశాడు. చివరి గదిలో స్టవ్వునీ పరుపునీ బయట పెట్టించాడు. "అమ్మా, ఫ్రేములో పడుతున్నారు, కాస్త పక్కకి జరగండి" అన్నాడట. ఆవిడ జరిగింది. ఒకరు జరగమంటే జరగడమే తప్ప ఎందుకని అడిగిన మనిషి కాదు. ఇంజనీరు అదే కలంతో సంతకం పెట్టాడు.

కూల్చే యంత్రం వచ్చిన పొద్దున పిన్ని రిక్షా తీసుకుని వెళ్ళింది. నర్సు తన గది ఊడుస్తోంది. యంత్రం మీద కూర్చున్నవాడు విసుక్కుంటున్నాడు. "కూలిపోయే కొంపని ఊడవడమేంటమ్మా, పిచ్చి కాకపోతే!"

"ఓ నిమిషం ఆగు బాబూ, అయిపోతుంది" అని పిన్ని వంగి చెత్త ఎత్తింది. తర్వాత నర్సు పెట్టె అందుకుంది. "నడవండి. దుకాణంలో పనుంది."

"నాకు కుట్టుపని రాదమ్మా."

"మనుషుల్నే కుట్టారు, దిండ్లెంత!"

ఆ ఏడు పోటీలో మొదటి బహుమతి ఆ చివరి గది ఫోటోకే వచ్చింది. ఫోటో కింద 'నిర్మానుష్యం' అని పేరు. జనం ఆహా అన్నారు, ఓహో అన్నారు, ఆ శూన్యానికి కళ్ళు చెమర్చాయన్నారు. పిన్ని దగ్గరికెళ్ళి చూసింది.

"డాక్టరు గారూ, ఈ అంచున మోచెయ్యి పడింది."

"అబ్బే, అది నీడండీ."

"నీడ కాదు. నర్సు."

ఎవరూ నవ్వలేదు. అలాగని బహుమతీ వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు దుకాణంలో ఇద్దరు. అక్కడికొచ్చిన ప్రతి గిరాకీకీ అక్కకొడుకు కథ మొదట్నుంచీ చెప్తాడు. మొన్న ఒకావిడ దుప్పట్లకి వస్తే ఆవిడకీ చెప్పాడు. ముందు దెయ్యాలు పారిపోయాయి, తర్వాత మేనేజరు కాళ్ళమీద పడ్డాడు. ఆఖర్న గొంతు బొంగురు చేసుకుని, "మా పిన్నిది వెన్నలాంటి మనసండీ. ఎవరూ లేని మనిషిని చేరదీసి, జన్మంతా తోడుంటానని మాటిచ్చింది" అన్నాడు.

పిన్ని మిషను ఆపింది. నోట్లో పట్టుకున్న దారం తీసింది.

"వాడి మాటలు నమ్మకండమ్మా. దుప్పటి మడతపెట్టాలంటే అవతలి కొసలు పట్టుకోడానికో మనిషుండాలి. ఇన్నేళ్ళూ తలుపు గడియకి కట్టి మడతపెట్టాను."