వంద రోజుల షీల్డులూ, పొట్టి రివాల్వరూ

"కింద తాతగారి పొట్టి తుపాకీ బరువుగా ఉందమ్మా," అంది మా పెద్దది, దోసె తుంపుకుంటూ.

దోసె తిరగేస్తున్నదాన్ని ఆగిపోయాను.

ఫిల్మ్‌నగర్‌లో మేం అద్దెకుండే ఇంటి ఓనరు గారు ఒకప్పటి నిర్మాత. కింది వాటాలో ఉండేవారు. ఆయన హాల్లో తలుపుల్లేని అల్మరా నిండా పాత సినిమాల సామాను: అట్ట కిరీటాలు, రేకు కత్తులు, చెక్క పిస్తోళ్ళు. మా పిల్లలిద్దరూ రోజూ సాయంత్రం వాటితో ఒకర్నొకరు చంపుకుని, ఆకలేసినప్పుడు లేచి పైకొచ్చేవాళ్ళు. సినిమా తుపాకీలు బెండులా తేలిగ్గా ఉంటాయి. బరువున్న డమ్మీ ఎవరు చేయిస్తారు? హీరో చెయ్యి నొప్పెట్టదూ?

పొయ్యి ఆపి కిందికి పరిగెత్తాను.

"బాబాయిగారూ, వీటిలో నిజంది ఏదైనా ఉందా?"

ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "ఆ, ముక్కు పొట్టిది. రివాల్వరు. లైసెన్సు ఉందమ్మా, కంగారేం లేదు."

"పిల్లలు ఆడుకునే చోట పెట్టారా?"

"డమ్మీల మధ్య పెడితే దొంగక్కూడా తెలీదని. గుళ్ళు వేరే దాచాలే, కళ్ళజోడు పెట్టెలో."

"ఆ పెట్టె ఎక్కడుంది?"

ఆయన జేబులు తడుముకున్నారు. ఇద్దరం సోఫా దిళ్ళన్నీ ఎత్తి చూశాక టీవీ మీద దొరికింది.

రెండూ బీరువా లాకర్లో పెట్టమన్నాను. ఖాళీ లేదంటూ తెరిచి చూపించారు. లోపల ముఖమల్ గుడ్డల్లో చుట్టి, ఆయన సినిమాల వంద రోజుల షీల్డులు.

"తుపాకీ పోతే ఇంకోటి కొనుక్కుంటాను. ఇవి పోతే? మళ్ళీ వంద రోజులు ఎవరాడిస్తారమ్మా?"

ఇల్లు మారదామని మా ఆయనతో అన్నాను. ఆయనకి హైటెక్ సిటీలో ఉద్యోగం. ఆ రోజుల్లో మాలాంటి వాళ్ళందరికీ ఉద్యోగాలు దొరికాయి గానీ ఇళ్ళు దొరకలేదు. "ఈ అద్దెకి మోతీనగర్‌లో కూడా రాదు," అన్నారాయన, లాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండానే.

ఇక నాకు మిగిలింది సమ్మె. తుపాకీ లాకర్లోకి వెళ్ళేదాకా పిల్లల్ని కిందికి పంపనన్నాను. హాల్లో చచ్చేవాళ్ళు లేక ఓనరు గారికి సాయంత్రాలు గడవలేదు. బేరానికొచ్చారు.

"నీకు తెలీక భయం. ఆదివారం నాతో తుపాకీ పేల్చడం నేర్పే రేంజికి రా. ఒక్క గుండు గురి కాగితానికి తగిలినా షీల్డులు బయటికి తీస్తాను. తగలకపోతే నా అల్మరా నా ఇష్టం."

ఒప్పుకున్నాను. మా అత్తగారితో "బాబాయిగారితో షూటింగ్‌కి వెళ్తున్నా" అనడమే పొరపాటు. మా పేటలో ఆ మాటకి ఒకటే అర్థం. ఆవిడ నా పట్టుచీర తీసి మంచం మీద పరిచారు. పనమ్మాయి తడి చేతులతోనే వచ్చి నిలబడింది.

"ఏం ఏషమక్కా? తల్లి ఏషమా?"

"వేషం కాదే, తుపాకీ పేల్చడం."

"పోలీసు ఏషమా? గట్ల చెప్పరాదు. జర పౌడర్ ఎక్కువెయ్యి."

"ఒక్క టేకులో చేసెయ్ అమ్మాయీ, రీలు ఖరీదు," అని అత్తగారు దిష్టి తీసి పంపించారు.

రేంజిలో నేర్పించేది రిటైరైన పోలీసాయన. చప్పుడు వినపడకుండా చెవులకి మఫ్‌లు పెట్టి, ఓనరు గారి రివాల్వరు నా చేతికిచ్చారు. గొట్టం నా చూపుడు వేలంత కూడా లేదు. అయిదే గుళ్ళు. చిన్నది కదా, సులువనుకున్నాను. ట్రిగ్గరు తుప్పుపట్టిన కుళాయిలా మొండికేసింది. నొక్కుతూ ఉంటే గుళ్ళ చక్రం మెల్లగా తిరిగింది. ఇంకా పేలదేమిటా అనుకుంటుండగా పేలి, అరచేతి మీద బెత్తంతో కొట్టినట్టు తన్నింది.

"కండ్లు మూస్కున్నరు మేడం."

"తగిలిందా?"

"తగిలింది, కాయితం మూలకు. గురి గాదిది, నసీబు."

ఓనరు గారి మొహం వాడిపోయింది. "సరే పదమ్మా, పోదాం."

నేను కదల్లేదు. "ఇంకా నాలుగున్నాయిగా," అన్నాను.

అవి అయ్యాక ఇంకో అయిదు అడిగాను. ఇంట్లో గ్యాసు ఆపానో లేదో అని పడుకున్నాక కూడా లేచి చూసే మనిషిని. ఆ చిన్న ఇనపముక్క పట్టుకున్నంతసేపూ గ్యాసు గుర్తు రాలేదు, స్కూలు ఆటో గుర్తు రాలేదు. ఊపిరి బిగపట్టి, గొట్టం చివరున్న బుడిపెని చూడటమొక్కటే పని. దీపావళి వాసన. తగిలిన ప్రతిసారీ నాకు తెలీకుండానే నవ్వొచ్చేది. చాలావరకు గోడకే తగిలాయనుకోండి.

"మేడంకు రుచి దెల్సింది సార్," అన్నారు పోలీసాయన. "ఇగ మీ గుళ్ళు మీకు మిగలయ్."

ఆ సాయంత్రం రివాల్వరు ఖాళీ చేయించి, గుళ్ళతో సహా లాకర్లో పెట్టించి, ఆయన తాళం వేసేదాకా పక్కనే నిలబడ్డాను. షీల్డులు పైకి, మా టీవీ పక్కకి వచ్చాయి. అత్తగారు వాటికి బొట్లు పెట్టారు. ఎదురింటావిడ చూసి, "ఒక్కరోజు షూటింగ్‌కే షీల్డు ఇచ్చారా మీ కోడలికి?" అని అడిగితే, ఆవిడ కాదనలేదు.

మర్నాడు పొద్దున్న పిల్లలకి బూట్లు తొడుగుతూ, నిజం తుపాకీ పేల్చానని చెప్పాను. చాలా బాగుందనీ చెప్పాను.

"ఎవరు చచ్చిపోయారు?" అన్నాడు చిన్నవాడు.

"ఎవరూ చచ్చిపోలేదు. కాగితానికి కన్నం పడింది, అంతే. కానీ ఆ కన్నం ఎవరూ పూడ్చలేరు నాన్నా. అందుకని తుపాకీ ఎక్కడ కనిపించినా, అది బొమ్మదేనని ఎవరు చెప్పినా, తాతగారు చెప్పినా సరే, ముట్టుకోకుండా వచ్చి నన్ను పిలవండి. నేను తిట్టను."