మట్టం మేస్త్రి సొంత వంటిల్లు

"బావా, మా అక్కని ఎక్కడ పాతిపెట్టావు?"

బావమరిది ఈ మాట అడిగింది వంటింటి గడప మీద నిలబడి. బావ గారు అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, కొత్తగా పరిచిన టైల్స్ సందుల్లోకి తెల్ల సిమెంటు దిద్దుతున్నాడు. తలెత్తి బావమరిది ముఖం చూడలేదు. కాళ్ళు చూశాడు.

"లోపల కాలు పెట్టకు. ఇంకా ఆరలేదు," అన్నాడు.

ఒక మనిషి తన మెడకి తానే ఉరి బిగించుకోవడానికి ఇంతకంటే మంచి జవాబు దొరకదు. పోలీసుల ముందు బావమరిది ఈ మాటని పొల్లు పోకుండా అప్పజెప్పాడు. వీధి వీధంతా దాన్ని నోట వేసుకుని తిప్పింది.

ఆయన టైల్స్ వేసే మేస్త్రి. నేల సమంగా ఉందో లేదో చూసే రసమట్టం చంకలో లేకుండా గడప దాటడు కాబట్టి అందరూ మట్టం మేస్త్రి అనేవాళ్ళు. నిజంగానే మంచి పనివాడు. ఆయన వేసిన నేల మీద గోళీకాయ పెడితే పెట్టిన చోటే ఉంటుంది. స్నానాల గదిలో నీళ్ళు పోస్తే, చెప్పిన మాట విన్నట్టు తూము వైపే పోతాయి. ప్రతి టైలునీ సుత్తి చెక్క పిడితో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. కింద సిమెంటు నిండుగా పట్టి ఉంటే ఒక చప్పుడు, గాలి ఉండిపోతే ఇంకో చప్పుడు. డొల్ల పలికితే, ఇంటివాళ్ళు వద్దన్నా ఊడదీసి మళ్ళీ వేసేవాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మట్టం మేస్త్రి రచ్చ మాత్రమే గెలిచాడు. సొంత వంటింట్లో నేల పెచ్చులు లేచిపోయి ఉండేది. పొయ్యి దగ్గర ఒక గుంట, సింకు కింద ఒక గుంట. భార్య ఆ గుంటల్లో నిలిచే నీళ్ళు ఎత్తిపోస్తూ సంసారం చేసింది. ఆరేళ్ళ కిందట ఆయనతో పాటు టైల్స్ షాపుకి వెళ్ళి, బూడిద రంగులో తెల్ల అంచున్న రకం ఒకటి చూపించింది. "ఈ ఒక్క పని అయిపోనీ," అన్నాడు. ఆ ఒక్క పనీ అయ్యింది, దాని వెనక మరో వంద పనులూ అయ్యాయి. ఆమె అడుగుతూ వచ్చింది, తర్వాత అడగడం మానేసింది. మానేసింది కదా, సర్దుకుందనుకున్నాడు. మొగుళ్ళు చేసే తప్పుల్లో ఇది మరీ పాతది, దీనికి మేస్త్రి అయి ఉండనక్కర్లేదు.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అన్నం మూత పెట్టి ఉంది, పొయ్యి తుడిచి ఉంది. అటక మీద సంచీ లేదు. ఫోను మాత్రం అద్దం దగ్గరే ఉంది. తమ్ముడి ఇంటికి వెళ్ళి ఉంటుందనుకున్నాడు. ఆ తమ్ముడికి ఒక్క ఫోను కొట్టి ఉంటే ఈ కథే లేదు. మేస్త్రికి ఆ ఆలోచన రాలేదు. ఆయనకి వేరే ఆలోచన వచ్చింది. మర్నాడు టైల్స్ షాపుకి వెళ్ళి ఆ బూడిద రంగు రకమే అడిగాడు. చేతిలో డబ్బు లేదు, అరువు పెట్టాడు. ఒప్పుకున్న పని సగంలో ఆపి, బతుకులో మొదటిసారి సెలవు పెట్టి, సొంత వంటింటి నేల తవ్వడం మొదలుపెట్టాడు.

ఆమె వచ్చేసరికి అయిపోవాలి. ఆయన లెక్క ఇంతే.

లోకం లెక్క వేరు. పెళ్ళాం కనిపించదు. మొగుడు ఎవరికీ చెప్పడు. తలుపులు వేసుకుని వంటింట్లో గొయ్యి తవ్వుతాడు. పక్కింటావిడ నాలుగు రోజులు ఆ చప్పుడు విని, ఇక భరించలేక తమ్ముడికి ఫోన్ చేసి, "మీ అక్క మీ దగ్గరే ఉందా, నాయనా?" అని అడిగింది. సాయంత్రానికి తమ్ముడు గడప మీద ఉన్నాడు.

తమ్ముడి ఫిర్యాదు మీద ఇంటికి వచ్చిన ఇన్‌స్పెక్టరు పాత కాపు. అరవడు, కుర్చీ జరుపుకుని నెమ్మదిగా అడుగుతాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు లాఠీలతో కొత్త నేలని తడుతూ వంటిల్లంతా తిరిగారు. వాళ్ళకి అన్నీ ఒకేలా వినిపించాయి. ఇన్‌స్పెక్టరు లేచి, బూట్లు వేసుకుంటూ మాట వరసకి అన్నాడు:

"పని బాగా చేశావు, మేస్త్రీ. అంతా గట్టిగానే ఉంది."

మేస్త్రి నోరు మూసుకుని ఉంటే ఆ పూటకి గండం గడిచేది. కానీ ఆయన ముఖం మాడిపోయింది.

"లేదు సార్. సింకు కింద ఒకటి డొల్ల."

ఇన్‌స్పెక్టరు రెండో బూటు వేసుకోకుండానే వెనక్కి తిరిగాడు.

"ఏమన్నావ్?"

"గోడ వైపు నుంచి రెండోది. కింద సరిగ్గా పట్టలేదు. ఆ పూట ధ్యాస పని మీద లేదు."

"ఎందుకు లేదు?"

మేస్త్రి వంగి, చెక్క పిడితో ఆ టైలుని తట్టి వినిపించాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాడు ఉన్నాడు గానీ, గుమ్మడికాయే తీసి చేతిలో పెట్టినవాణ్ణి ఆ స్టేషను అంతవరకు చూడలేదు. గంటలో గునపాలు వచ్చాయి. సింకు కింద మొదలుపెట్టి పొయ్యి దాకా తవ్వారు. మట్టి, రాళ్ళు, పాత ఇటుక ముక్కలు దొరికాయి. మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడి, పగులుతున్న టైల్స్ వంకే చూశాడు. బావమరిది ఆయన్నే చూశాడు.

"చూశారా సార్, ఏడవడం కూడా లేదు."

నేల కింద ఏమీ దొరకలేదు కాబట్టి మనిషి కింద తవ్వడం మొదలైంది. రెండు రోజుల్లోనే బయటపడింది: మేస్త్రికి ఇది రెండో పెళ్ళి. ఇరవైల్లో ఒకామెను చేసుకున్నాడు, ఆమె నాలుగు నెలలకే కనిపించకుండా పోయిందని ఎవరో అన్నారు. బావమరిదికి ఈ సంగతి తెలియదు. టీవీవాళ్ళు తవ్విన వంటింటిని పదే పదే చూపించారు. "ఒకత్తె పోతే పొరపాటు, ఇద్దరు పోతే అలవాటు," అని టీ బడ్డీ దగ్గర ఒక పెద్దమనిషి తేల్చేశాడు. మేస్త్రి చేత హాలు వేయించుకున్న డాక్టరు గారు ఇంటికెళ్ళి తన నేలని గరిటెతో తట్టి చూసుకున్నాడట. చేతిలో ఉన్న పనులన్నీ పోయాయి. పొద్దున్నే స్టేషనుకి వెళ్ళి, వరండాలో బల్ల మీద కూర్చుని, సాయంత్రం తవ్విన ఇంటికి తిరిగొచ్చేవాడు.

మొదటి భార్య దొరికింది. పక్క ఊళ్ళో కుట్టు మిషను పెట్టుకుని హాయిగా ఉంది. పిలిపిస్తే మెడలో టేపుతోనే వచ్చింది. తలుపు తెరిచే ఉంది, వరండాలో ఉన్న మేస్త్రికి ప్రతి మాటా వినిపించింది.

"కొట్టేవాడా?"

"లేదండీ."

"తాగుడూ, తిరుగుళ్ళూ?"

"అబ్బే."

"డబ్బు కోసం పీడించాడా?"

"జీతం మొత్తం నా చేతిలోనే పెట్టేవాడు."

"మరెందుకు వచ్చేశావమ్మా?"

"సాయంత్రం వచ్చి, ఎదురుగోడ చూస్తూ అన్నం తినేవాడండీ. గోడ వంకరగా ఉందేమోనని. నన్నెప్పుడూ అలా చూడలేదు. నాలుగు నెలలు చూశాను, ఇక నావల్ల కాలేదు."

"ఇదీ ఒక కారణమేనా?"

"ఇంటికెళ్ళి మీ ఆవిడని అడగండి, సార్."

కానిస్టేబుళ్ళు నవ్వాపుకోలేక ఫైళ్ళు సర్దారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. బయటికి వచ్చి మేస్త్రి పక్కన కాసేపు కూర్చున్నాడు.

"ఈవిడ చెప్పింది నిజమేనా?"

మేస్త్రి అన్నాడు: "గోడ నిజంగానే వంకరగా ఉండేది, సార్."

మౌనం బంగారం అన్నవాడెవడో ఒంటరిగా బతికి ఉంటాడు. మాట్లాడని మొగుణ్ణి నెమ్మదస్తుడనీ దేవుడులాంటివాడనీ పొగిడే అలవాటు మనకి ఉంది. ఆ దేవుడితో కాపురం చేసేది మనం కాదు కదా. అలాగని మాట్లాడనివాడు హంతకుడూ కాడు. వీధి మొదట ఆ మెచ్చుకోలు మెచ్చుకుంది, తర్వాత ఈ నింద వేసింది. రెండుసార్లూ మనిషిని తట్టి చూడనే లేదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం రెండో భార్యే స్టేషను మెట్లెక్కింది. ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి కుదిరింది. అక్కడి టీవీలో తన వంటిల్లు చూసిందట. గొయ్యి కన్నా ముందు, దాని ఒడ్డున పగిలి పడి ఉన్న బూడిద రంగు పెంకులు చూసిందట. తమ్ముడు ఎదురెళ్ళి భోరుమన్నాడు.

"నాకైనా చెప్పకూడదా, అక్కా?"

"చెబితే ఏం చేసేవాడివి? సర్దుకోమని మళ్ళీ ఇక్కడే దింపేవాడివి."

ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "బతికే ఉన్నానని చెప్పడానికొచ్చాను, సార్. ఇంటికి రావడానికి కాదు. ఈయన నన్ను ఏమీ చేయలేదు. అదే రాసుకోండి."

కేసు మూసేశారు. మిగిలిన బట్టలు తీసుకోవాలని తమ్ముడితో పాటు ఇంటికి వచ్చింది. వంటింటి గడప మీద ఆగిపోయింది. గోడల వెంట మాత్రం రెండు వరసలు మిగిలాయి, సందులు సూదితో గీసినట్టున్నాయి. మధ్యంతా గొయ్యి.

"ఈ రంగు గుర్తుందా మీకు?"

"గుర్తుంది."

"ఆరేళ్ళూ గుర్తుందా?"

"ఉంది."

"మరి చెప్పరేం?"

మేస్త్రి చూపు ఎప్పట్లా గోడ మీదికి పోబోయింది. బలవంతంగా వెనక్కి లాక్కుని ఆమె ముఖం మీద పెట్టాడు. ఏదో ఒకటి అడగాలని తెలుసు. ఆయనకి తెలిసిందల్లా ఒక్కటే.

"అక్కడ హాస్టల్లో... వంటింటి నేల ఎలా ఉంది? నీళ్ళు నిలుస్తాయా?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నేల కాదండీ. నేనెలా ఉన్నానో అడగండి."

"ఎలా ఉన్నావు?"

"బాగున్నాను," అంది. తమ్ముడు బయట ఆటో పిలుస్తున్నాడు. ఆమె గడప లోపల కాలు పెట్టకుండానే వెనక్కి తిరిగింది.

తవ్విన నేలకి నష్టపరిహారం ఇచ్చే పద్ధతి లేదని పోలీసులు చెప్పారు. మేస్త్రి గొయ్యి పూడ్చి, పైన మామూలు సిమెంటు మెత్తాడు. ఆమె ఉద్యోగం అక్కడే, ఆయన పనులు ఒక్కొక్కటీ తిరిగొస్తున్నాయి. టైల్స్ షాపుకి మాత్రం ఇంకా సగం డబ్బు బాకీ ఉంది.